మూడో గాజు తలుపు మీద నీడ

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. మస్కట్‌లో, ఘుబ్రా పేటలో స్కూల్లో చదివే రోజుల్లో, మా బ్లాకు మేడమెట్ల మీద ఏదో తిరుగుతోందని పిల్లలంతా హడలిపోతుంటే, నేను వెళ్ళి ఆ మెట్ల మీదే కూర్చుని హోంవర్కు చేసుకున్నాను. తర్వాత నేను నేర్చుకున్న విద్య కూడా అలాంటిదే. గాజుతో పనిచేసేవాళ్ళకి నీడలో మర్మమేమీ ఉండదు. వెలుతురు ఎటునుంచి వస్తోంది, మధ్యలో ఏం అడ్డం వచ్చింది, ఎక్కడ పడుతోంది. ఈ మూడూ తెలిస్తే చాలు.

అయినా ఇది రాస్తున్నాను. భయం ఎప్పుడో పోయింది. కోపం మాత్రం ఇన్నేళ్ళయినా పోలేదు.

మా నాన్న మస్కట్‌లో ఒక తెలుగాయన కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. ఆయన్ని ఇక్కడ రామ్మోహన్ అంటాను, అసలు పేరు అది కాదు. బిల్డింగు కాంట్రాక్టులు చేసేవారు. ఉగాదికి హాలు ఆయనే మాట్లాడేవారు, భోజనాలు ఆయనే పెట్టించేవారు. కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలకి ఇల్లు చూపించేదీ ఆయనే. ఆయన లేకపోతే మనకెవరున్నారు అనేవారు అందరూ. మా నాన్న కూడా అనేవాడు.

నేను హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ చదివి, స్కాలర్‌షిప్ మీద జపాన్ వెళ్ళాను, గాజు కళ నేర్చుకోవడానికి. తొంభైల మొదట్లో మాట. మా టీచర్‌ని అందరం సెన్సే అనేవాళ్ళం. పొట్టిగా, ఎప్పుడూ చేతులు కడుక్కుంటూ కనిపించే మనిషి. మొదటి చలికాలమంతా ఆవిడ నన్ను కొలిమి దగ్గరికే రానివ్వలేదు. ఊరి చివర పాత చెక్క ఇల్లొకటి ఉంటే అందులో కూర్చోబెట్టింది. గడ్డి కలిపిన మట్టిగోడలు, నేలమీద గడ్డి చాపలు, సన్నటి చెక్క చట్రాలకి కాగితం అంటించిన జారుడు తలుపులు. ఆ తలుపుల్ని షోజీ అంటారు. వాటిలోంచి అవతలి మనిషి కనబడదు, నీడ కనబడుతుంది. వచ్చినవాళ్ళు తలుపు బయట కూర్చుంటారు. లోపలివాళ్ళు ఆ నీడని చూసి రమ్మంటారు. ఆ ఇళ్ళలో నీడ పడడమంటే తలుపు తట్టడమే.

కాగితం చేసే పనిని గాజుతో చేయించడం నా చదువు. గాజుపొడిని పొరలు పొరలుగా అచ్చులో చల్లి, కరిగించి, రోజుల తరబడి మెల్లగా చల్లార్చాలి. నేను చేసిన ప్రతి పలకనీ సెన్సే కిటికీ దగ్గర పట్టుకుని వెనకాల చెయ్యి పెట్టేది. వేళ్ళు విడివిడిగా కనిపించినా తప్పే, అది చెయ్యి అని తెలియకపోయినా తప్పే. సగానికి పైగా పగలగొట్టించేది.

చివరి ఏడాది నిజమైన ఇంట్లో నిజమైన తలుపులు చేసి పెడితేనే చదువు పూర్తయినట్టు. సరిగ్గా అప్పుడే రామ్మోహన్ గారు నాన్నతో కబురు చేశారు. మస్కట్‌లోనే కురుమ్ కొండ మీద కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు. జపాన్ యంత్రాల కంపెనీలతో ఆయనకి వ్యాపారం. వాళ్ళు వస్తే కూర్చోబెట్టడానికి ఒక జపాను గది కట్టిస్తున్నారు. దానికి నాలుగు గాజు తలుపులు కావాలి. ఎగిరి గంతేశాను. తలుపులు అక్కడ చేసి, పెట్టెల్లో ఓడకి ఎక్కించి, నేను మస్కట్ వచ్చాను.

ఆ గది ఇంటికి పడమటి చివర ఉండేది. తలుపుల వెనక జానెడు జాగా, ఆ తర్వాత పెద్ద అద్దం కిటికీ. కిటికీ బయట నిలువునా నల్లరాతి కొండ, కింద ఎండిపోయిన వాగు. అంటే తలుపుల వెనక మనిషి నిలబడే చోటు లేదు, కిటికీ బయట కాలు పెట్టే చోటూ లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

పక్క గోడని మట్టితోనే మెత్తించాలని పట్టుబట్టాను. ఆ మట్టికోసం కొండలు దాటి, రెండు మూడు గంటల దూరంలో ఉన్న బహ్లా అనే పాత ఊరికి వెళ్ళాను. అక్కడి పాత ఇళ్ళ గోడలు అచ్చం నేను జపాన్‌లో చూసినట్టే మట్టీ గడ్డీ కలిపి కట్టినవి. రామ్మోహన్ గారి కంపెనీకి అక్కడ పని నడుస్తుండేది. ఒక పాత మట్టి మేడ అద్దెకి తీసుకుని స్టాఫ్ హౌస్‌గా వాడేవాళ్ళు. పై గదిలో రెండు రాత్రులు పడుకున్నాను. పడమటి కిటికీకి ఇనుప ఊచలు. ఒకటి ఊడిపోతే దాని చోట ఏటవాలుగా చెక్కపట్టీ కొట్టారు. సాయంత్రం ఎండకి ఆ ఊచల నీడలు, మధ్యలో ఆ వంకర పట్టీ నీడ, ఎదుటి గోడ మీద పడేవి. బాగుందని బొమ్మ గీసుకున్నాను.

నాతో వచ్చింది గంగారాం. జగిత్యాల వైపు మనిషి. కంపెనీలో వడ్రంగి, పికప్ కూడా నడిపేవాడు. తలుపులు బిగించడంలో నాకు తోడు ఇచ్చింది అతన్నే.

ఇక మంగ. రామ్మోహన్ గారింట్లో పనిచేసేది. రాజోలు దగ్గర ఊరు. పాతికేళ్ళు ఉంటాయేమో, నా వయసే. రెండు చేతులా ట్రే పట్టుకుని వచ్చి, తలుపుని మోచేత్తో రెండుసార్లు పొడిచేది. అలా తలుపు తట్టే మనిషిని ఇంకొకర్ని నేను చూడలేదు. మొదటి తలుపు పెట్టె విప్పిన రోజు టీ కింద పెట్టి అలాగే నిలబడిపోయింది.

"ఇది గాజేనాండీ? కాయితంలా ఉందండి. ముట్టుకోవచ్చా అండీ?"

ముట్టుకోమన్నాను. అరచెయ్యి ఆనించి, అవతలికి వెళ్ళి తన చెయ్యి ఎలా కనబడుతుందో నన్ను అడిగింది. సెన్సే పరీక్ష తనంతట తనే పెట్టేసింది.

ఒకరోజు మంగ రాలేదు. టీ తెచ్చింది రామ్మోహన్ గారి భార్య.

"మంగ ఇండియా వెళ్ళిపోయిందమ్మా. వాళ్ళమ్మకి బాగోలేదట," అందావిడ.

నాతో ఒక్కమాటైనా చెప్పలేదే అనుకున్నాను. అంతే, పనిలో పడ్డాను.

ఆ తర్వాత రెండో రోజో మూడో రోజో, మధ్యాహ్నం ఎండ పడమటికి తిరిగిన వేళ, మూడో తలుపు మీద మరక కనిపించింది. గాజులో లోపం అనుకున్నాను. చల్లార్చడంలో తేడా వస్తే లోపల మబ్బులా పడుతుంది. టేపు తీసి కొలిచి రాసుకున్నాను. ఎండ తగ్గేసరికి మరక లేదు. లోపం అయితే ఎండ లేకపోయినా ఉండాలి.

మర్నాడు అదే వేళకి కూర్చున్నాను. మరక కాదు, నీడ. మోకాళ్ళు ముడుచుకుని, తల వాల్చుకుని కూర్చున్న ఆడమనిషి నీడ. లేచి తలుపు పక్కకి జరిపాను. జానెడు జాగా, కిటికీ, అవతల కొండ. ఏమీ లేదు. తలుపు మూశాను. ఉంది. తలుపు ఊడదీసి మొదటి తలుపు చోట పెట్టాను. నీడ గాజుతో పాటు జరగలేదు, మూడో తలుపు చోటులోనే, ఇప్పుడక్కడున్న వేరే గాజు మీద పడింది. అంటే గాజుకి సంబంధం లేదు. కిటికీ బయట తీగలు, కొక్కేలు ఏమైనా ఉన్నాయేమో అని తల బయటికి పెట్టి చూశాను. లేవు. కొలతలు రాసుకున్నాను. ఎండ వాలేదాకా కూర్చుని, వెళ్ళిపోయాను.

అలా రోజూ కూర్చున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే నా తలుపులో లోపం ఉందంటారని.

నాలుగో రోజు కాబోలు, గంగారాం అంచులకి చెక్కపట్టీలు కొడుతూ సుత్తి ఆపేశాడు.

"మేడం, గా తలుపెనక ఎవలో ఉన్నరు. ఆడమనిషి. మీకు కానొస్తలేదా?"

"కనిపిస్తోంది," అన్నాను.

"చేతులతోని గోడ గుద్దుతున్నది మేడం."

అవును, గుద్దుతోంది. చప్పుడు లేదు. రెండు అరచేతులూ ఎత్తి కొడుతోంది, ఆగుతోంది, మళ్ళీ కొడుతోంది. గంగారాం వెళ్ళి తలుపు జరిపి చూసి, వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు పని సాగలేదు.

ఆ శుక్రవారం సాయంత్రమే గది ప్రారంభం. జపాన్ కంపెనీ పెద్దలు, వాళ్ళ భార్యలు వచ్చారు. మన తెలుగువాళ్ళలో పేరున్నవాళ్ళూ వచ్చారు. అందరూ చాపల మీద కూర్చున్నారు. రామ్మోహన్ గారు పట్టు లాల్చీ వేసుకుని, నన్ను చూపిస్తూ, మన తెలుగమ్మాయి అని ఇంగ్లీషులో ఉపన్యాసం ఇస్తున్నారు. ఎండ తలుపుల మీద పడింది. నాలుగూ తేనెరంగులో వెలిగాయి. అందరూ ఆహా అన్నారు.

అప్పుడు మూడో తలుపు మీద ఆ నీడ లేచి నిలబడింది.

ఈసారి చుట్టూ ఊచల నీడలు కూడా పడ్డాయి. నా కిటికీకి ఊచలు లేవు. ఆమె అరచేతులతో కొట్టింది. తర్వాత అవి నొప్పి పెట్టినట్టు పొట్టకి హత్తుకుని, పక్కకి తిరిగి, మోచేత్తో కొట్టింది. రెండుసార్లు. ఆగి, మళ్ళీ రెండుసార్లు.

అలా తట్టే మనిషి నాకు ఒక్కతే తెలుసు. గదిలో చప్పట్లు మోగాయి.

అవును, చప్పట్లు కొట్టారు! అది నా కళ అనుకున్నారు. తెలుగువాళ్ళలో ఒకాయన "వండర్‌ఫుల్, వండర్‌ఫుల్" అంటున్నాడు. రామ్మోహన్ గారికి ఒక్క క్షణం మొహం పాలిపోవడం నేను చూశాను. వెంటనే తేరుకుని ఆయన కూడా చప్పట్లు కొట్టారు, అందరికన్నా గట్టిగా.

కొట్టనిది ఒక్క ముసలావిడ. వచ్చినవాళ్ళలో పెద్దాయన భార్య. నా వైపు వంగి, జపాన్ భాషలో మెల్లగా అడిగింది.

"ఆ అమ్మాయి ఎంతసేపటినుంచో తడుతోంది. లోపలికి రమ్మనరేం?"

అప్పుడు చూశాను, ఊచల మధ్య ఏటవాలుగా పడిన ఆ పట్టీ నీడని. అది నేను గీసుకున్న బొమ్మ.

లేచి రామ్మోహన్ గారిని వంటగదిలోకి పిలిచాను.

"మంగ ఎక్కడుంది అంకుల్?"

"ఇండియా వెళ్ళిందని చెప్పిందిగా ఆంటీ. గెస్టుల్ని వదిలేసి ఇప్పుడిదేంటమ్మా?"

"బహ్లాలో లేదా?"

ఎవరైనా ఏమంటారు? బహ్లా ఏమిటి, నీకేమైనా పిచ్చా అంటారు. ఆయన అలా అనలేదు. గొంతు తగ్గించి, "ఎవరు చెప్పారు నీకు?" అన్నారు.

అంతే చాలు నాకు. చెంప పగలగొట్టాలనిపించింది. ఎందుకు కొట్టలేదా అని ఇప్పటికీ బాధే. "చూడు సుధా, మీ నాన్న వీసా..." అని ఆయన మొదలుపెట్టేసరికి నేను మెట్లు దిగిపోయాను.

గంగారాం గేటు దగ్గర పికప్‌లో ఉన్నాడు. మంగ బహ్లాలో ఉందని చెప్పాను. అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నాడు.

"నౌకరి పోతది మేడం."

"తాళం ఇవ్వు, నేనే పోతాను."

"పోతే పోనియ్యిరి. మా చెల్లె గూడ గిట్లనే దుబాయిల ఒకలింట్ల పని జేస్తది. కూసోండ్రి."

దారి పొడవునా వెనకనుంచి ఎవరైనా వస్తున్నారేమో అని అద్దంలో చూస్తూనే ఉన్నాం. బహ్లా చేరేసరికి బజారులో దుకాణాలు ఇంకా తెరిచే ఉన్నాయి. స్టాఫ్ హౌస్‌లో ఎవరూ లేరు. పై గదికి బయట గొళ్ళెం, దానికి తాళం. గంగారాం ఉలి దూర్చి సుత్తితో కొడితే గొళ్ళెం ఊడొచ్చింది.

మంగ లోపల ఉంది. గోడకి ఆనుకుని, మోకాళ్ళు ముడుచుకుని. చెంపలు లోపలికి పోయాయి. అరచేతులు వాచి నల్లబడ్డాయి. మోచేతికి చీరపీలిక చుట్టుకుంది. మమ్మల్ని చూసి ఏడవలేదు.

"ఇప్పుడొచ్చారా అండీ?" అంది.

సంగతి పికప్‌లో చెప్పింది. రామ్మోహన్ గారి బావమరిది ఒకరోజు ఆమె గదిలోకి దూరాడు. ఆమె అరిచి గోల చేసింది, పోలీసులకి చెబుతానంది. ఇంటికి పంపించేస్తామని కారెక్కించి ఇక్కడ పెట్టి తాళం వేశారు. ఫంక్షన్ అయ్యేదాకా నోరు మూసుకుని ఉండమన్నారు. రోజుకొకసారి ఎవరో వచ్చి రొట్టెలూ నీళ్ళూ పెట్టి పోయేవాడట. ఫంక్షన్ అయ్యేదాకా! నా తలుపుల ఫంక్షన్.

ఆమె చెప్పడం ఆపి నా వైపు తిరిగింది. ఆ చూపు నేను మరిచిపోలేను. నిండా కోపం.

"మీరు రోజూ చూత్తానే ఉన్నారు కదండీ. చూసి చూసి లేచి ఎల్లిపోయేవోరు. ఎందుకండీ?"

నాకు అర్థం కాలేదు. "నేనెక్కడ చూశాను మంగా?"

"ఎండ గోడ మీద పడ్డప్పుడండీ. ఆ గోడ మీద మీ నీడ పడేదండి. టేపట్టుకుని కూర్చునేవోరు. ఏంటో రాసుకునేవోరు. మీరేనని నాకు తెలుసండి. చేతులు పగిలేలా గోడ గుద్దానండి. సెయ్యి పట్టక మోచేత్తో కొట్టానండి. గొంతు పోయేదాకా అరిచానండి. మీరేమో సామాను సద్దుకుని ఎల్లిపోయేవోరు."

గంగారాం బండి పక్కకి తీసి ఆపాడు. నేను టేపుతో కూర్చున్నానని ఆమెకి చెప్పినవాళ్ళు లేరు. గంగారాం అప్పటిదాకా మాతోనే ఉన్నాడు.

ఘుబ్రా చేరాం. తలుపు తీసిన నాన్నకి అప్పటికే ఫోన్లు వచ్చినట్టున్నాయి. "ఏం పని చేశావమ్మా, మనం బతికేది ఆయన దగ్గర కదా," అన్నాడు. నేను అరవబోయాను. ఈలోగా అమ్మ మంగ చేతులు పట్టుకుని లైటు కిందకి తీసుకొచ్చింది. నాన్న ఆ చేతులు చూశాడు. మళ్ళీ ఫోన్ మోగింది. నాన్నే తీశాడు.

"ఆ అమ్మాయి మా ఇంట్లోనే ఉందండీ. రేపు నేనే ఎంబసీకి తీసుకెళ్తున్నాను," అని పెట్టేశాడు. రామ్మోహన్ గారితో ఆయన అంత పొడిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

మంగ కొన్ని రోజులకి ఇంటికి చేరింది. గంగారాం వీసా క్యాన్సిల్ చేసి ఇండియా పంపేశారు. నాన్న ఉద్యోగం పోయింది, మావాళ్ళు సామాను సర్దుకుని హైదరాబాదు వచ్చేశారు. రామ్మోహన్ గారికి ఏమైంది అంటారా? ఏమీ కాలేదు. మంగ చేత కేసు పెట్టిద్దామని నేను తిరగని చోటు లేదు. "పోనిద్దురూ, అమ్మాయి క్షేమంగా చేరిందిగా," అన్నవాళ్ళే అందరూ. ఆయన భోజనాలు తిన్న నోళ్ళు. మరుసటి ఉగాదికి హాలు మళ్ళీ ఆయనే మాట్లాడారట, శాలువా కూడా కప్పారట. నా తలుపులు నాకు ఇచ్చేయమని కబురు పెట్టాను. ఇవ్వలేదు.

జపాన్ వెళ్ళి సెన్సేకి అంతా చెప్పాను. నవ్వలేదు, నమ్మినట్టూ కనిపించలేదు. అదే గాజుపొడితో చేసిన పలక ఒకటి అక్కడ మిగిలి ఉంది. దాన్ని సాయంత్రపు ఎండలో పెట్టి వారం రోజులు ఇద్దరం చూశాం. వెనక చెయ్యి పెడితే చెయ్యి నీడ పడింది. తీసేస్తే పోయింది. "గాజులో ఏమీ లేదు," అందావిడ. నాకు పట్టా ఇచ్చారు.

బహ్లా మట్టి వల్లనేమో అని కొందరన్నారు. ఆ మట్టి పక్క గోడకి మెత్తింది, తలుపులకి కాదు. అలిసిపోయి ఏదో ఊహించుకున్నావన్నారు ఇంకొందరు. గంగారాం చూశాడు, గది నిండా జనం చూశారు, చప్పట్లు కూడా కొట్టారు.

ఏడాది తర్వాత అనుకుంటా, రామ్మోహన్ గారు నాకు ఫోన్ చేశారు. ఏమీ జరగనట్టే మాట్లాడారు.

"సుధా, ఆ తలుపు మీద ఎఫెక్ట్ ఇప్పుడు రావట్లేదమ్మా. గెస్టులకి చెప్పి మరీ కూర్చోబెడుతున్నా, ఏమీ రావట్లేదు. ఏం చెడిందంటావ్? లోపల లైటేమైనా పెట్టావా?"

నేను ఏమన్నానో ఇక్కడ రాయలేను. అచ్చువేయరు.

చాలా ఏళ్ళకి రాజోలు వెళ్ళి మంగని కలిశాను. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, ఇంటి ముందు టిఫిన్లు వేస్తోంది. నన్ను కూర్చోబెట్టి, పెసరట్టు పెట్టి, మళ్ళీ అదంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఒక్క ముక్క మారలేదు. కోపం కూడా అంతే ఉంది.

ఆమె నీడ సంగతి ఎలాగో ఒకలా సరిపెట్టుకుందామనుకున్నా, నా నీడ సంగతి తేలదు. నేను కూర్చున్నది తలుపుకి ఇవతల. వెలుతురు అవతలినుంచి వస్తోంది. నా వెనక దీపం లేదు, కిటికీ లేదు. నా నీడ నా వెనక చాప మీద పడాలి. మధ్యలో అన్ని కొండలు దాటి, బహ్లాలో ఒక మట్టిగోడ మీద పడడానికి నాకు తెలిసిన ఏ లెక్కా ఒప్పుకోదు. దయ్యం అనేసి ఊరుకుందామంటే మంగ బతికున్న మనిషి, నేనూ బతికే ఉన్నాను.

వచ్చేటప్పుడు మంగ వీధి దాకా వచ్చింది.

"నేను మిమ్మల్ని చూత్తన్నట్టు మీకు తెలవనే లేదాండీ?" అని అడిగింది.

"తెలియలేదు మంగా," అన్నాను.

నమ్మలేదు. నమ్మమని అడగడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఏం జరిగిందో చెప్పగలను గాని, ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.